పాత కారు డిఫరెన్షియల్ శబ్దం: విప్పే ముందు వినాల్సినవి, విప్పాక చూసుకోవాల్సినవి

మా ఇంట్లో 1986 మోడల్ అంబాసిడర్ మార్క్ 4 ఉంది. డీజిల్ బండి, నాన్నగారు కొన్నది. కొన్నేళ్ళ క్రితం ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్తుంటే, 50 దాటగానే వెనక సీటు కింద నుంచి గుర్రుమని శబ్దం మొదలైంది. షెడ్డుకి తీసుకెళ్తే మేస్త్రి ఓ రౌండు తిప్పి చూసి, "క్రౌన్ పోయిందండీ" అన్నారు. క్రౌన్ పినియన్ సెట్ (వెనక ఇరుసు మధ్యలో, చక్రాలకి తిరుగుడు పంచే డిఫరెన్షియల్ లోపలి పళ్ళ చక్రాల జంట) కొత్తది వేయించాం. బండి బయటికి తెచ్చి 50 దాటిస్తే అదే గుర్రు. పైగా అంతకు ముందు లేని సన్నటి ఊళ ఒకటి కొత్తగా తోడైంది. రెండు నెలలు తిరిగాక తేలిందేమిటంటే, మొదట్నుంచీ పోయింది ఎడమ వెనక చక్రం బేరింగ్. బాగున్న క్రౌన్ పినియన్ తీసేసి, సరిగ్గా సెట్ చెయ్యని కొత్తది పెట్టించుకున్నాం.

ఆ దెబ్బ తర్వాత నేను పెట్టుకున్న వరస ఇది: ముందు వినాలి, తర్వాత నూనె చూడాలి, ఆ తర్వాతే పానా పట్టుకోవాలి. ఈ వరస తప్పితే డబ్బు పోవడమే కాదు, బాగున్నది కూడా పాడవుతుంది.

ఇక్కడ చెప్పేదంతా వెనక చక్రాలు లాగే బండ్ల గురించి. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మహీంద్రా జీపు, జిప్సీ, ఓమ్నీ, సుమో, క్వాలిస్ లాంటివి. మారుతి 800 లాగా ముందు చక్రాలు లాగే కార్లలో డిఫరెన్షియల్ గేర్‌బాక్స్‌తో కలిసే ఉంటుంది, వాటి కథ వేరు.

లోపల ఏది ఎంత వేగంగా తిరుగుతుంది

ఇంజన్ నుంచి వచ్చిన తిరుగుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా చిన్న పినియన్‌కి వస్తుంది. పినియన్ పెద్ద క్రౌన్ వీల్‌ని తిప్పుతుంది. క్రౌన్ వీల్‌కి బిగించిన కేజ్ లోపల స్పైడర్ గేర్లు ఉంటాయి, అవి రెండు యాక్సిల్ షాఫ్టులకీ తిరుగుడు పంచుతాయి. బండి నేరుగా పోతున్నంతసేపు స్పైడర్ గేర్లు వాటిలో అవి తిరగవు, కేజ్‌తో పాటు కదులుతాయి అంతే. మలుపులో లోపలి చక్రం నెమ్మదించి బయటి చక్రం పరిగెత్తాల్సి వచ్చినప్పుడే వాటికి పని.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. శబ్దాన్ని పట్టుకోడానికి నాకు ఇంతకంటే పనికొచ్చింది ఇంకోటి లేదు. టైరు చుట్టుకొలత సుమారు 2 మీటర్లు అనుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకి 8 సార్లకు కాస్త పైగా తిరుగుతుంది. క్రౌన్ వీల్‌కి 41 పళ్ళు, పినియన్‌కి 9 పళ్ళు అనుకుంటే, పినియన్ సెకనుకి 38 సార్లు తిరుగుతుంది. పళ్ళు పళ్ళు కలుసుకునేది సెకనుకి 340 సార్లు.

అంటే ఒకే హౌసింగ్ నుంచి మూడు రకాల గొంతులు వస్తాయి. చక్రం బేరింగ్, టైరు ఉబ్బు లాంటివి చక్రం వేగానికి దగ్గరగా, మొరటుగా, గుర్రుగుర్రుమనో దడదడమనో వినిపిస్తాయి. పినియన్ బేరింగ్ పోతే అదే గుర్రు ఇంకాస్త వడిగా, గరగరమని వస్తుంది. క్రౌన్ పినియన్ పళ్ళ శబ్దం మాత్రం హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టుకున్నట్టు ఊఁ... అని ఒకే శ్రుతిలో సాగుతుంది, వేగంతో పాటు శ్రుతి పెరుగుతుంది. ఊళ వేస్తే పళ్ళు, గుర్రుమంటే బేరింగ్ అని మొదటి అంచనాకి పెట్టుకోవచ్చు.

ఫోన్లో శబ్దం తరచుదనాన్ని గీతలుగా చూపించే ఉచిత యాప్‌లు దొరుకుతాయి. ఫోన్‌ని వెనక సీటు మీద పెట్టి 60లో నిలకడగా పోతుంటే, మీ బండి పళ్ళ లెక్క ప్రకారం రావాల్సిన చోట గీత నిటారుగా లేస్తుందో లేదో వెనక కూర్చున్నవాళ్ళు చూడొచ్చు. లెక్క సులువే. సెకనుకి చక్రం ఎన్నిసార్లు తిరుగుతుందో, దాన్ని క్రౌన్ వీల్ పళ్ళ సంఖ్యతో గుణించడమే. పళ్ళ సంఖ్య మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది.

రోడ్డు మీద వినడం

ఒక్కరే చెయ్యకండి. నడిపేవాళ్ళు రోడ్డు చూడాలి, వెనక ఇంకొకరు వినాలి. వీలైతే వెనక సీటు అడుగు పరుపు తీసేసి కూర్చుంటే శబ్దం సూటిగా తెలుస్తుంది. కిటికీలు ఎత్తి, ఫ్యాను, పాటలు ఆపి, తెల్లవారుజామున రద్దీ లేని చదునైన రోడ్డు ఎంచుకోండి. కనీసం పదిహేను కిలోమీటర్లు నడిచి నూనె వేడెక్కాకే పరీక్ష మొదలుపెట్టాలి. చల్లటి చిక్కటి నూనెలో కొన్ని శబ్దాలు అణిగిపోతాయి.

మొదట డిఫరెన్షియల్ కానివాటిని పక్కకి తప్పించాలి. బండి ఆపి, న్యూట్రల్‌లో, 60లో వెళ్ళినప్పుడు ఇంజన్ ఎంత ఆర్‌పీఎమ్‌లో ఉంటుందో అంత రేజ్ చెయ్యండి. శబ్దం వస్తే అది ఇంజనో, సైలెన్సర్ గొట్టం బాడీకి తగలడమో. ఆ తర్వాత టైర్లు. మామూలు తారు రోడ్డు మీద వచ్చే శబ్దం సిమెంటు రోడ్డు ఎక్కగానే మారిపోయిందంటే టైర్లని అనుమానించాలి. గొంతు మారకుండా అలాగే ఉందంటే ఇనుపముక్కల్లో వెతకాలి. టైరు మీద అరచేత్తో ఒకవైపు నిమిరి, మళ్ళీ వెనక్కి నిమరండి. ఒకవైపు నునుపుగా, ఇంకోవైపు రంపంలా తగిలితే టైరు బటన్లు మెట్లుమెట్లుగా అరిగాయి. అలాంటి టైరు అచ్చం బేరింగ్ లాగే గుర్రుమంటుంది. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి చూస్తే శబ్దం కూడా చోటు మారుతుంది.

గేర్‌బాక్స్ సంగతి కూడా రోడ్డు మీదే తేలుతుంది. అంబాసిడర్ నాలుగు గేర్ల డబ్బాలో టాప్ గేరు నేరుగా పోతుంది, లోపలి లేషాఫ్టు (పక్క షాఫ్టు) గేర్ల మీద బరువు పడదు. ఐదు గేర్ల బండ్లలో సాధారణంగా నాలుగో గేరు అలాంటిది. 45లో థర్డ్‌లో ఒకసారి, టాప్‌లో ఒకసారి నడపండి. థర్డ్‌లో ఉండి టాప్‌లో పోయే శబ్దం గేర్‌బాక్స్‌ది. రెంటిలోనూ ఒకేలా ఉంటే వెనక్కి వెళ్ళండి.

ఇప్పుడు అసలు పరీక్ష. వేగం ఒకటే ఉంచుతూ పళ్ళ మీద పడే బరువు మార్చడం. శబ్దం ఏ వేగంలో బాగా వినిపిస్తుందో ఆ వేగం దగ్గర నాలుగు పనులు చెయ్యాలి.

యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి లాగించండి. అప్పుడే ఊళ వస్తే పినియన్ పళ్ళు లాగే వైపు అరిగాయనో, పినియన్ ఉండాల్సిన లోతులో లేదనో అర్థం.

కాలు పూర్తిగా తీసేసి గేరులోనే బండిని నెమ్మదించనివ్వండి. ఇప్పుడు చక్రాలు ఇంజన్‌ని తిప్పుతాయి కాబట్టి పళ్ళ రెండో వైపు బరువు పడుతుంది. లాగేటప్పుడు నిశ్శబ్దంగా ఉండి కాలు తీస్తేనే ఊళ వేస్తే, పినియన్ బేరింగ్ బిగువు తగ్గి పినియన్ ముందుకీ వెనక్కీ జరుగుతోందేమో చూడాలి. పినియన్ నట్టు వదులైనా ఇలాగే ఉంటుంది.

మూడోది, లాగకుండా ఆపకుండా, వేగం నిలబడేంత మాత్రమే కాలు ఆనించి ఉంచడం. ఇక్కడ గరగరమని ఊగిసలాడే శబ్దం వస్తే పళ్ళ మధ్య సందు ఎక్కువైందని అనుమానం.

చివరిది న్యూట్రల్. ఖాళీ రోడ్డు మీద, ఇంజన్ ఆపకుండా, న్యూట్రల్‌లో జారనివ్వండి. తాళం తిప్పి ఇంజన్ ఆపితే కొన్ని బండ్లలో స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బూస్టర్ ఉన్న బ్రేకు గట్టిపడుతుంది, కాబట్టి ఆ పని వద్దు. కాలు ఎలా పెట్టినా, న్యూట్రల్‌లో కూడా శబ్దం ఒకేలా ఉందంటే అది పళ్ళది కాదు. చక్రం బేరింగో, కేజ్ పక్క బేరింగో, టైరో.

మా బండికి ఆనాడు ఈ న్యూట్రల్ పరీక్ష ఒక్కటి చేసుంటే సరిపోయేది. చివరికి మా బావమరిది వెనక కూర్చుని విన్నాడు. నేను 45లో బండిని మెల్లగా కుడికీ ఎడమకీ పాము నడకలా ఊపాను. కుడికి తిప్పిన ప్రతిసారీ, "బావా, ఎడమ పక్కే గోల చేస్తోంది, నా కాలి కిందే" అన్నాడు. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది, పోయిన బేరింగ్ అప్పుడు గట్టిగా మూలుగుతుంది. అన్ని బండ్లలో ఇంత స్పష్టంగా తెలియదు, కానీ చేసి చూడటానికి నిమిషం పట్టదు.

ఇంకో రెండు శబ్దాలు ఈ నాలుగింటిలోకి రావు. ఒకటి, గేరు వేసి క్లచ్ వదలగానే, కాలు తీసి మళ్ళీ తొక్కగానే వెనక నుంచి టంగ్‌మని కొట్టడం. దీనికి మొదట చూడాల్సింది ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులు, అంటే షాఫ్టు చివర్ల ఉండే కీళ్ళు. రెండోది, నేరుగా పోతే ఏమీ లేక, మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి గుండ్రంగా తిరిగితేనే టిక్కు టిక్కుమనడం. అప్పుడు స్పైడర్ గేర్లు, వాటి వాషర్లు, అవి తిరిగే పిన్ను అనుమానించాలి.

బండి కింద దూరి చూడటం

ముందు భద్రత. గట్టి నేల మీద ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మెలు పెట్టి, వెనక యాక్సిల్ గొట్టాల కింద రెండు జాక్ స్టాండ్లు వెయ్యాలి. జాకీ ఒక్కదాని మీద బండి ఉంటే కిందికి దూరకండి, ఇటుకల మీద అసలే వద్దు. ఇంకో మాట: శబ్దం వినడానికని బండి ఎత్తి ఇంజన్ స్టార్ట్ చేసి గేరు వెయ్యకండి. ఒక్క చక్రమే గాల్లో ఉండి రెండోది నేలకి తాకుతుంటే బండి స్టాండు మీంచి దూకొచ్చు. పైగా ఒక చక్రం ఆగిపోతే రెండోది రెట్టింపు వేగంతో తిరుగుతుంది, స్పైడర్ గేర్లు నలిగిపోతాయి. ఇక్కడ చేసేవన్నీ ఇంజన్ ఆపి, చేత్తో తిప్పి చేసేవే.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌ని ఒక చేత్తో, పినియన్ ఫ్లాంజ్‌ని (షాఫ్టుని బిగించే పళ్ళెం లాంటి ముక్క) ఇంకో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా మెలిపెట్టండి. షాఫ్టు కదిలి ఫ్లాంజ్ కదలకపోతే క్రాసు పోయింది. క్రాసు కప్పుల చుట్టూ తుప్పు పొడి ఎర్రగా కనిపిస్తే ఇక సందేహం లేదు. ఇది వెంటనే మార్చాల్సిన సరుకు. నడుస్తుండగా షాఫ్టు ఊడి రోడ్డుకి గుచ్చుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

ఫ్లాంజ్‌ని పట్టుకుని పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ లాగి చూడండి. ఏ మాత్రం ప్లే ఉండకూడదు. వేలికి సన్నగా టక్కుమని తగిలినా పినియన్ బేరింగ్ బిగువు పోయినట్టే. గుండ్రంగా తిప్పితే మాత్రం కొంచెం ప్లే ఉంటుంది. పళ్ళ మధ్య ఉండాల్సిన సందు అదే.

ఇప్పుడు చక్రం. రెండు చేతులతో పైనా కిందా పట్టుకుని ఊపండి. తర్వాత ఒక చేత్తో చక్రాన్ని తిప్పుతూ రెండో అరచెయ్యి కమాన్ కట్ట మీద ఆనించండి. మంచి బేరింగ్ అయితే చేతికి ఏమీ తెలియదు. గుంటలు పడిన బేరింగ్ అయితే కట్ట లోంచి సన్నటి ఇసుక మీద నడుస్తున్నట్టు గరగర తగులుతుంది. చెవికి వినపడనిది కూడా ఇలా చేతికి తెలుస్తుంది. రెండో చక్రానికీ అలాగే చేసి పోల్చుకోండి.

ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పితే పరీక్ష ఇంకా తేటగా ఉంటుంది. కానీ విప్పేముందు షాఫ్టు ఫ్లాంజ్ మీదా, పినియన్ ఫ్లాంజ్ మీదా ఒకే గీతలో పంచ్ గుర్తు పెట్టండి. తిరిగి అదే గుర్తుకి బిగించకపోతే లేని వణుకు ఒకటి పుట్టుకొస్తుంది, మళ్ళీ దాని వెంట పడాలి. అలాగే రెండు ముక్కలుగా జారే షాఫ్టు అయితే రెండు చివర్ల యోకులూ (క్రాసుని పట్టే పంగలు) ఒకే వరసలో ఉండేలా ఎక్కించాలి.

నూనె చెప్పే సంగతి

పానా పెట్టేముందు ఒక నియమం. ముందు నింపే బిరడా విప్పండి, అది వచ్చాకే కింది బిరడా విప్పండి. పాత బండ్లలో పై బిరడా బిగుసుకుపోయి, పానా పట్టే చతురస్రం అరిగిపోయి ఉంటుంది. నూనె కారిపోయాక పైది రాలేదంటే బండి అక్కడే ఆగిపోతుంది.

పై బిరడా విప్పగానే చిటికెనవేలు లోపలికి పెట్టి చూడండి. బండి చదునుగా ఉన్నప్పుడు నూనె సరిగ్గా రంధ్రం కింది అంచుని తాకుతూ ఉండాలి. వేలికి అందలేదంటే మీకు సగం జవాబు దొరికింది. ఎక్కడ కారుతోందో చూడండి: పినియన్ సీలు దగ్గరా, హౌసింగ్ గాస్కెట్ దగ్గరా, బ్రేక్ డ్రమ్ము లోపలా. అన్ని చోట్లా ఒకేసారి చెమరుస్తుంటే సీళ్ళని తిట్టేముందు బ్రీదర్ చూడండి. హౌసింగ్ పైన చిన్న టోపీలా ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే వేడికి లోపలి గాలి వ్యాకోచించి నూనెని సీళ్ళలోంచి తోసేస్తుంది. పిన్నుతో శుభ్రం చేస్తే అయిపోయే పనికి సీళ్ళు మార్పించుకున్నవాళ్ళని చూశాను.

పది కిలోమీటర్లు తిప్పి గోరువెచ్చగా ఉన్నప్పుడు నూనె దించండి. పాత తెల్ల పంచె ముక్క నాలుగు మడతలు వేసి, దాని మీదుగా పళ్ళెంలోకి వడకట్టండి. ఆరుబయట ఎండలో పట్టి చూడండి.

గుడ్డ మీద నల్లటి మెత్తటి మడ్డి ఉండి, వేళ్ళ మధ్య రాస్తే గంధంలా ఉంటే కంగారు పడక్కర్లేదు. ఏళ్ళ తరబడి తిరిగిన పళ్ళ అరుగుదల అది. బిరడాకి అయస్కాంతం ఉంటే దాని మీద కూడా అదే పేరుకుంటుంది. ఎండకి తళుక్కుమనే పొలుసులు, గోటితో తీస్తే వచ్చేంతవి కనిపిస్తే బేరింగ్ పై పొర లేచిపోతోంది, లేదా పళ్ళకి గుంటలు పడుతున్నాయి. పసుపుగా మెరిస్తే కంచు వాషర్లు అరుగుతున్నాయి. చేతికి దొరికే ముక్కలే వస్తే బండి ఇక నడపకండి.

నూనె పాలు కలిపిన కాఫీలా వస్తే నీళ్ళు చేరాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు మునిగాయి. చాలామంది ఇంజన్ ఆయిల్ మార్పించుకుని వెనక హౌసింగ్ మర్చిపోయారు. వేడిగా ఉన్న హౌసింగ్ నీళ్ళలోకి దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుని, బ్రీదర్ లోంచీ సీళ్ళ లోంచీ నీటిని లోపలికి లాగుతుంది. ఆ నీటితో బేరింగులు తుప్పు పట్టి, ఆరు నెలలకో ఏడాదికో గుర్రు మొదలవుతుంది. చక్రాల మధ్య వరకూ నీళ్ళలో దిగిన ప్రతి బండికీ ఆ వారంలోనే ఈ నూనె మార్చాలి.

కొత్తది ఏది పొయ్యాలి? ఈ కార్లలో చాలావాటికి హైపాయిడ్ పళ్ళు ఉంటాయి. పినియన్ మధ్యగీత క్రౌన్ వీల్ మధ్యగీత కంటే కిందికి ఉంటుంది, అందుకే పళ్ళు దొర్లడంతో పాటు ఒకదాని మీద ఒకటి జారతాయి కూడా. ఆ ఒరిపిడిని తట్టుకోడానికి గంధకం లాంటి మందులు కలిపిన నూనె కావాలి. డబ్బా మీద జీఎల్-5 అనీ, 80డబ్ల్యూ-90 అనో 90 అనో ఉంటుంది. మీ మాన్యువల్‌లో ఏది చెప్పాడో అది వెయ్యండి. మిగిలిపోయిందని దాన్ని గేర్‌బాక్స్‌లో మాత్రం పొయ్యకండి, అక్కడి ఇత్తడి రింగులకి కొన్ని జీఎల్-5 నూనెలు పడవు.

శబ్దం తగ్గుతుందని ఇంకా చిక్కటి 140 నూనె పొయ్యమని చెప్పేవాళ్ళు ఉంటారు. నిజమే, చిక్కటి నూనెకి ఊళ కాస్త అణుగుతుంది. అరిగింది మాత్రం అరుగుతూనే ఉంటుంది, మీకు వినపడదంతే. పాత బండి అమ్మేవాళ్ళు లోపల రంపపు పొట్టు పోసే అలవాటు కూడా ఉండేది. అందుకే పాత కారు కొనేటప్పుడు వెనక హౌసింగ్ బిరడా విప్పించి వేలు పెట్టి చూడండి. నూనెలో చెక్కపొడి తగిలినా, తారులా తీగసాగినా అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యండి.

విప్పాలా, వదిలెయ్యాలా

నూనె మార్చి, బ్రీదర్ శుభ్రం చేసి, ఓ 500 కిలోమీటర్లు నడపండి. ఏ వేగంలో, యాక్సిలరేటర్ ఎంత తొక్కినప్పుడు, ఎంత శబ్దమో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. ఫోన్లో రికార్డు చేసి తేదీ పెట్టుకోండి.

55 నుంచి 62 మధ్య సన్నటి ఊళ ఒకటి, గుడ్డ మీద పొలుసులు లేవు, నిరుడు ఎంతుందో ఇప్పుడూ అంతే ఉంది. అలాంటి డిఫరెన్షియల్‌ని నా మటుకు నేను ముట్టుకోను. నలభై ఏళ్ళ నాటి పళ్ళు ఒకదానికొకటి అలవాటుపడి ఉంటాయి. దాన్ని కదిలిస్తే వచ్చే శబ్దం ఉన్నదానికంటే పెద్దదవ్వచ్చు.

గుర్రు నెలనెలా పెరుగుతోందంటే ఆగకూడదు. పినియన్ బేరింగ్ పోతున్న దశలో మారిస్తే బేరింగుల ఖర్చుతో పోతుంది. ఆలస్యం చేస్తే పినియన్ చోటు తప్పి, పళ్ళు పైకెక్కి అరిగి, మొత్తం సెట్ మార్చాలి. పెద్ద శబ్దంతో ప్రతి చక్రం చుట్టుకీ ఒకసారి ధన్‌మని కొడుతుంటే పన్ను విరిగి ఉండొచ్చు. ఆ ముక్క పళ్ళ మధ్యన పడితే వెనక చక్రాలు ఉన్నపళంగా బిగుసుకుపోతాయి. టోయింగ్ బండి పిలిపించడమే మేలు, అదీ వెనక చక్రాలు ఎత్తి తీసుకెళ్ళేది.

సెకండ్ హ్యాండ్ డిఫరెన్షియల్ మొత్తంగా తెచ్చి వేసుకోవడం ఒక దారి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వెతికితే దొరుకుతాయి. రేషియో సరిచూసుకోకుండా డబ్బు కట్టకండి. చూడ్డం తేలికే: ఒకవైపు షాఫ్టు కదలకుండా పట్టి, రెండోవైపు సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ, పినియన్ ఫ్లాంజ్ ఎన్ని చుట్లు తిరిగిందో సుద్దగీత పెట్టి లెక్కపెట్టండి. నాలుగున్నర చుట్లు తిరిగితే రేషియో 4.5. నాలుగు చక్రాలూ లాగే జీపులకి ఇది మరీ ముఖ్యం. పాత విల్లీస్‌లో 39 పళ్ళకి 8, అంటే 4.88. తర్వాతి సీజే-3బిలో 43కి 8, అంటే 5.38. ముందు హౌసింగ్ ఒకటీ వెనకది ఇంకొకటీ అయితే ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి ఒకదాన్ని ఒకటి పీక్కుంటాయి.

విప్పితే దగ్గరుండి చూడాల్సినవి

ఈ పని ఇంట్లో చెయ్యమని చెప్పను. డయల్ గేజ్, సరైన పుల్లర్లు, బిగువు కొలిచే రెంచి లేకుండా కుదరదు. కానీ యజమాని దగ్గరుండి చూడాల్సినవీ, అడగాల్సినవీ ఉన్నాయి. అవేమిటో తెలియకే మా బండికి కొత్త ఊళ తెచ్చిపెట్టుకున్నాం.

క్రౌన్, పినియన్ జంటగా తయారవుతాయి, జంటగా ఒరిపిడి పట్టి అమ్ముతారు. చాలా సెట్లలో రెంటి మీదా ఒకే నంబరు గీసి ఉంటుంది. విడిగా ఒకటి మార్చడం అనేది లేదు. డబ్బా విప్పగానే రెండు నంబర్లూ కలిశాయో లేదో మీరే చూడండి.

పక్క బేరింగుల క్యాపులు ఎడమది ఎడమకే, కుడిది కుడికే, పైవైపు పైకే రావాలి. వాటిని హౌసింగ్‌తో కలిపి తొలుస్తారు కాబట్టి తారుమారైతే బేరింగ్ గుండ్రంగా కూర్చోదు. విప్పేముందే పంచ్ గుర్తులు పెట్టించండి.

పాత క్రౌన్ పినియనే ఉంచి బేరింగులు మాత్రం మారుస్తుంటే, పినియన్ వెనక ఉన్న షిమ్‌ని (దాని లోతు నిలిపే పల్చటి వాషరు) పారెయ్యకుండా మందం కొలిచి రాయించండి. అరిగిన పళ్ళు అరిగిన చోటే కలవాలి. పుస్తకంలో చెప్పిన కొలతకి సరిచేస్తామని వాటిని పావు మిల్లీమీటరు జరిపినా ఊళ వేస్తాయి.

పినియన్ బేరింగ్ బిగువు అనేది అన్నిటికంటే పట్టి చూడాల్సిన చోటు. నట్టు బిగించే కొద్దీ బేరింగుల మీద ముందస్తు ఒత్తిడి పెరుగుతుంది. ఫ్లాంజ్ చుట్టూ దారం చుట్టి స్ప్రింగ్ త్రాసుతో లాగి, తిప్పడానికి ఎంత బలం పడుతుందో కొలుస్తారు. కొత్త బేరింగులకి ఎక్కువ, వాడినవాటికి తక్కువ. కొన్ని బండ్లలో మధ్యన నలిగే స్పేసర్ గొట్టం ఉంటుంది, దాన్ని ఒకసారే వాడాలి. బిగువు ఎక్కువైందని నట్టు వెనక్కి తిప్పితే సరిపోదు, కొత్త స్పేసర్ వేసి మళ్ళీ మొదలుపెట్టాలి. పినియన్ సీలు మార్చిన తర్వాతే శబ్దం మొదలైందని చాలామంది చెబుతారు. కారణం ఇదే. నట్టు తీసి, కొత్త సీలు కొట్టి, పొడుగాటి పైపు వేసి ఉన్న బలమంతా పెట్టి బిగిస్తారు. స్పేసర్ ఇంకాస్త నలుగుతుంది, బేరింగ్ బిగుసుకుని కాలుతుంది. సీలు ఒక్కటే మారుస్తుంటే విప్పేముందు నట్టు, షాఫ్టు చివర, ఫ్లాంజ్ మూడింటి మీదా ఒకే గీత పెట్టి, నట్టు ఎన్ని చుట్లకి వచ్చిందో లెక్కపెట్టి, మళ్ళీ ఆ గీతకే తేవాలి.

తర్వాత పళ్ళ మధ్య సందు. చాలా కార్లకి ఇది 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్ల మధ్యన ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్ చెబుతుంది. డయల్ గేజ్ ముల్లు క్రౌన్ వీల్ పన్నుకి ఆనించి, పినియన్‌ని పట్టి క్రౌన్ వీల్‌ని అటూ ఇటూ కదుపుతారు. చుట్టూ కనీసం నాలుగు చోట్ల కొలవాలి. ఒకచోట 0.10, ఇంకోచోట 0.20 వచ్చిందంటే క్రౌన్ వీల్ వంకరగా కూర్చుంది. దాని కింద మురికో, బోల్టు రంధ్రం అంచున గరుకో ఉంటుంది. విప్పి తుడవాల్సిందే.

ఆఖరికి పళ్ళ అచ్చు. నాకు ఇదంటే చాలా ఇష్టం, ఎందుకంటే ఇక్కడ మాటలతో పని లేదు, కంటికే కనపడుతుంది. నాలుగైదు పళ్ళకి పసుపు రంగు పేస్టో, నీలం రంగో పల్చగా పూసి, క్రౌన్ వీల్‌కి చెక్కముక్క ఒత్తి కాస్త అడ్డుపెడుతూ పినియన్‌ని ముందుకీ వెనక్కీ తిప్పుతారు. రంగు ఎక్కడ చెరిగిందో అక్కడ పళ్ళు కలుస్తున్నాయి. ఆ చెరిగిన మచ్చ పన్ను ఎత్తులో మధ్యన, కోడిగుడ్డు ఆకారంలో, పొడవులో మధ్యనో కొంచెం లోపలి చివరకో ఉండాలి. మచ్చ పన్ను కొసన, అంచు మీద పడితే పినియన్ దూరంగా ఉంది, లోపలికి జరపాలి. పన్ను అడుగున పడితే మరీ లోపలికి వెళ్ళింది, బయటికి తియ్యాలి. పినియన్ జరిగితే సందు కూడా మారుతుంది, దాన్ని మళ్ళీ సరిచెయ్యాలి, మళ్ళీ రంగు పుయ్యాలి. ఒక్కోసారి ఐదారు సార్లు పడుతుంది. "ఒక్క పూటలో చేసిస్తా" అన్నచోట ఈ రంగు పూసే పని జరగదు. మచ్చ సరిగ్గా వచ్చాక ఫోటో తీసుకోండి.

బిగించాక నూనె నింపకుండా ఒక్క గజం కూడా కదల్చకండి. రంధ్రం దాకా నింపి, కాసేపు తిప్పి, పది నిమిషాలు ఆపి మళ్ళీ చూస్తే కొంచెం దిగి ఉంటుంది, యాక్సిల్ గొట్టాల్లోకి పోయింది. మళ్ళీ నింపండి. కొత్త పళ్ళు అయితే మొదటి పదిహేను, ఇరవై కిలోమీటర్లు మెల్లగా నడిపి, బండి ఆపి హౌసింగ్ పూర్తిగా చల్లారనివ్వాలి. ఆగినప్పుడు పినియన్ బేరింగ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉండటం మామూలే. నీటి చుక్క వేస్తే చుయ్‌మంటే మాత్రం బిగువు ఎక్కువైంది, అక్కణ్ణుంచి నేరుగా షెడ్డుకే. మొదటి 500 కిలోమీటర్లు నిండా జనాన్ని ఎక్కించడం, ఘాట్ రోడ్లు ఎక్కించడం వద్దు.

ఆ 500 అయ్యాక నూనె దించి, మళ్ళీ తెల్లగుడ్డ మీద వడకట్టండి. మా బండికి రెండోసారి వేరే మేస్త్రి దగ్గర పినియన్ లోతు సరిచేయించాక వడకట్టిన గుడ్డ ఇప్పటికీ గ్యారేజీ గోడకి మేకుకి వేలాడుతోంది. దాని మీద సన్నటి బూడిదరంగు మరక తప్ప ఇంకేమీ లేదు.